మూడు హెచ్చరికల నియమం మోడరేటర్‌ని కట్టిపడేస్తుందా?

ప్రశ్న: మా ఆన్‌లైన్ గ్రూపు నియమావళిలో "మూడు హెచ్చరికల తర్వాతే సభ్యుణ్ణి తొలగిస్తాం" అని ఉంది. మోడరేటర్ (గ్రూపు పోస్టుల్ని, సభ్యుల్ని చూసుకునేవారు) ఒక్క హెచ్చరికైనా లేకుండా తీసేస్తే అడగొచ్చా? "గ్రూపు మాది, మా ఇష్టం" అంటే ఏం చెప్పాలండీ?

జవాబు: నిరభ్యంతరంగా అడగొచ్చు. అసలు ఆ నియమాన్ని పాటించాల్సింది మోడరేటరే, సభ్యుడు కాదు! కాకపోతే చాలాచోట్ల లోపం రాతలోనే ఉంటుంది. కొత్త ఖాతా నిమిషంలో ఇరవై మోసపు లింకులు పెడితే మూడు హెచ్చరికల దాకా ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా. అక్కడ దాటిన గీతే రేపు వాదనలో నచ్చనివాళ్లని తీసేయడానికి అలవాటవుతుంది. మినహాయింపునీ నియమంగా రాసేయండి: "స్పామ్, బెదిరింపు, ఇతరుల ఫోన్ నంబర్లు బయటపెట్టడం: వీటికి హెచ్చరిక ఉండదు. మిగతా అన్నిటికీ ఉంటుంది."

ఇంకొకరు: ముందు ఆధారం దాచండి. టెలిగ్రామ్‌లో 'రీసెంట్ యాక్షన్స్' (గ్రూపులో ఇటీవల జరిగిన మార్పుల చిట్టా) 48 గంటలే ఉంటాయి, అవీ అడ్మిన్లకే కనిపిస్తాయి. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో అలాంటి చిట్టా (ఆడిట్ లాగ్) 45 రోజులు. వారం తర్వాత అప్పీలు వస్తే టెలిగ్రామ్‌లో చూపడానికేమీ మిగలదు. అందుకే ఒక షీటు పెట్టుకోవాలి: తేదీ, స్క్రీన్‌షాట్, నియమం నంబరు, ఎన్నో హెచ్చరిక, తీసిందెవరు. సభ్యుడికి ఇంత రాస్తే చాలు: "మీ పోస్టు 4వ నియమం (ప్రకటనలు) కింద తీశాం. ఇది రెండో హెచ్చరిక. అభ్యంతరముంటే 7 రోజుల్లో రాయండి, వేరే మోడరేటర్ చూస్తారు." ఉత్త "నియమ విరుద్ధం" అని వదిలేస్తే గొడవ అక్కడే మొదలు.

ప్రశ్న: గొడవ జరిగే వాదనలో మోడరేటరే ఒక పక్షమైతే?

జవాబు: తొలగింపు బటన్ ముట్టుకోకూడదు. మామూలు సభ్యుడిలా రిపోర్ట్ కొట్టి ఇంకొకరికి వదలాలి. ఇంగ్లీషు వికీపీడియా నిర్వాహకులకూ ఇదే పద్ధతి: తాము దిగిన వివాదంలో నిర్వాహక అధికారం వాడరు, పచ్చి దుశ్చర్యల్లాంటివి మినహా. మోడరేటర్ ఒక్కరే అయితే పోస్టు తీయకుండా వ్యాఖ్యలు మాత్రం ఆపి, ఒకరోజు ఆగి చూడటం మేలు.

ఇంకొకరు: "మా ఇష్టం" సంగతి. నియమం మార్చే హక్కు వాళ్లదే, కాదనలేం. మార్చి, తేదీ వేసి, ప్రకటించి, అప్పట్నుంచి అమలు చేయాలి. నిన్నటి పోస్టుకి ఈరోజు రాసిన నియమం చెల్లదు. యూరోపియన్ యూనియన్‌లో వేదికలు నడిపే సంస్థలకైతే ఇది చట్టమే: డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ 14వ అధికరణం తమ షరతుల్ని నిష్పాక్షికంగా అమలు చేయమంటుంది, 17వది తొలగింపుకి కారణం చెప్పమంటుంది. ఒక చిన్న చిక్కు: పిన్ చేసిన నియమాలని దిద్దితే సభ్యులకి 'ఎడిటెడ్' అనే కనిపిస్తుంది, పాత పాఠం కనిపించదు. దిద్దకండి. కొత్త తేదీతో కొత్త సందేశం పిన్ చేసి, పాతదాన్ని అలాగే ఉంచండి.