అంబర్‌పేట పాత ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు): బాగు చేయాలా, కూల్చి కొత్తది కట్టాలా?

భువనగిరి రైతు బిడ్డ
హైదరాబాద్ మురుగు మూసీలో కలిసే ముందు శుద్ధి చేయడానికి అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ ప్లాంటు ఉంది. అంటే రోజుకు దాదాపు 34 కోట్ల లీటర్లు. జాతీయ నదుల పరిరక్షణ ప్రణాళిక కింద కట్టిన పాత పద్ధతి ప్లాంటు అది. 2021లో ప్రభుత్వం రూ.3,866 కోట్లతో 31 కొత్త ఎస్‌టీపీలు మంజూరు చేసింది. వాటిలో 212.5 ఎంఎల్‌డీది అంబర్‌పేటకే వచ్చింది. మరి పాతదాన్ని ఏం చేయాలి? నా మాట: కూల్చి కొత్త పద్ధతిలో కట్టాలి. మా దిక్కు పిల్లాయిపల్లి కాలువ, భీమలింగం కత్వ (చిన్న ఆనకట్ట) కింద వరి పండేది ఈ నీళ్లతోనే. నాటు వేసే రోజుల్లో మా అమ్మ కాళ్లకు దురద మందు రాసుకోకుండా పడుకోదు.

రిటైర్డ్ ఇంజినీరు
తమ్మీ, మీ అమ్మగారి బాధ అర్థమైంది. కానీ కూల్చడం తొందరపాటు. అక్కడున్నది యూఏఎస్‌బీ పద్ధతి. మురుగు అడుగు నుంచి పైకి ఎక్కుతుంది, మధ్యలో బురద పొర ఉంటుంది, అందులోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ లేకుండానే మలినాన్ని తింటాయి. గాలి కొట్టే బ్లోయర్లు అక్కర్లేదు కాబట్టి కరెంటు ఖర్చు చాలా తక్కువ. పైగా మీథేన్ గ్యాస్ వస్తుంది. మన ఎండలకు బాగా సరిపోతుంది కూడా. కొత్తగా వస్తున్న ఎస్‌బీఆర్ పద్ధతిలో ఒకే ట్యాంకులో నింపడం, గాలి కొట్టడం, తేర్చడం, పై నీటిని వదలడం వంతులవారీగా జరుగుతాయి. నీళ్లు బాగుంటాయి, కానీ బ్లోయర్లు ఆగితే అంతా ఆగినట్టే. పాతదాన్ని మొదటి దశగా ఉంచి, వెనక గాలి కొట్టే దశ కలిపితే సగానికి పైగా మలినం ముందే పోతుంది, కరెంటు కలిసొస్తుంది.

ఎన్విరాన్‌మెంట్ స్టూడెంట్
సార్, బీఓడీ (నీళ్లలో కుళ్లే మలినం ఎంతుందో చెప్పే కొలత) వరకే అయితే మీ లెక్క సరైనదే. నైట్రోజన్ సంగతేంటి? 2019 ఏప్రిల్‌లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) లీటరుకు బీఓడీ 10, మొత్తం నైట్రోజన్ 10, ఫాస్ఫరస్ 1 మిల్లీగ్రామ్‌కు మించొద్దంది. యూఏఎస్‌బీ నైట్రోజన్‌ను దాదాపు ముట్టుకోదు. తర్వాతి దశలో దాన్ని తీసేయాలంటే సూక్ష్మజీవులకు కార్బన్ ఆహారం కావాలి. ఆ కార్బన్‌ను మొదటి దశే తినేస్తుంది. ఇంకోటి, బయటికొచ్చే నీళ్లలో కరిగిన మీథేన్ గాలిలో కలుస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల వాసన ఒక్కటే కాదు, ఇనుమూ కాంక్రీటూ కూడా తినేసినట్టవుతాయి.

భువనగిరి రైతు బిడ్డ
నైట్రోజన్ గురించి మా పొలాన్ని అడగండి! యూరియా చల్లకుండానే వరి నల్లగా ఏపుగా పెరుగుతుంది, కంకి పట్టే టైముకు పడిపోతుంది. చెరువుల నిండా గుర్రపుడెక్క.

నాలా పక్క కాలనీ
ప్లాంటు ఏదైనా కట్టండి, అందులోకి మురుగు వచ్చే దారేది? మా కాలనీ డ్రైనేజీ నేరుగా నాలాలో కలుస్తుంది. అక్కడి నుంచి మూసీ. వాన పడితే నాలా నీళ్లు పది రెట్లవుతాయి, దాన్ని మళ్లించే ఏర్పాటు చేసినా ఆ రోజు ప్లాంటు ఎంతని మోస్తుంది? నా దృష్టిలో ట్రంక్ లైన్లు (మురుగును ప్లాంటుకు చేర్చే పెద్ద పైపులు) ముందు. దుర్గం చెరువు దగ్గర 7 ఎంఎల్‌డీ ప్లాంటు లాంటివి ఎక్కడికక్కడ పెడితే పైపుల పొడవు కూడా తగ్గుతుంది.

రిటైర్డ్ ఇంజినీరు
అమ్మా, చిన్నవి మంచివే, కానీ ఒక్కో దానికీ రాత్రీ పగలూ ఆపరేటర్ కావాలి. నేను చేసిన ఒక చిన్న ప్లాంటులో ఒకే మనిషి రెండు షిఫ్టులు చూసేవాడు. సెలవు పెట్టిన రోజు బ్లోయర్ ఎవరూ ముట్టరు. పైపుల విషయంలో మాత్రం మీతో వంద శాతం ఏకీభవిస్తా.

స్టూడెంట్ చెప్పిన కార్బన్ పాయింటుకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొంత పచ్చి మురుగును మొదటి దశ దాటించి నేరుగా రెండో దశకు పంపితే కార్బన్ దొరుకుతుంది. అయితే అలా దాటించే కొద్దీ నేను చెప్పిన కరెంటు పొదుపు తగ్గుతుంది. ఒప్పుకుంటున్నా.

భువనగిరి రైతు బిడ్డ
అంత నిజాయితీగా చెప్పినందుకు థ్యాంక్స్ సార్. నేనూ ఒక మెట్టు దిగుతా. ఒకేసారి కూలిస్తే ఆ 34 కోట్ల లీటర్లు పని అయ్యేదాకా పచ్చిగానే మా కాలువల్లోకి వస్తాయి. కాబట్టి కొత్త 212.5 నిండుగా, ఒక వానాకాలం దాటి నడిచాక, పాతదాంట్లో ఒక్కో వరుస ఆపుతూ మార్చాలి. నీళ్ల పరీక్ష ప్లాంటు గేటు దగ్గరే కాదు, పిల్లాయిపల్లి దగ్గర కూడా చేసి, ఆ అంకెలు ప్రతి నెలా పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయాలి. ఈ రెండిట్లో ఎవరికైనా అభ్యంతరం ఉందా?

నాలా పక్క కాలనీ
మా నాలా దగ్గర కూడా పరీక్ష చేస్తే నాకేం లేదు.