ప్రిఫర్డ్ కన్వర్షన్లు నడుస్తున్న చిన్న కంపెనీలో షార్ట్ ఇంట్రస్ట్‌ని నమ్మొచ్చా?

మార్జిన్_మామ: ఒక చిన్న నాస్‌డాక్ కంపెనీ కన్వర్టబుల్ ప్రిఫర్డ్ (మామూలు షేర్లుగా మార్చుకోగల ప్రత్యేక షేర్లు) అమ్మి 50 లక్షల డాలర్లు తెచ్చుకుంది. షార్ట్ ఇంట్రస్ట్ (అప్పు తెచ్చి అమ్మి, ఇంకా తిరిగి కొనని షేర్లు) ఫ్లోట్‌లో, అంటే మార్కెట్లో తిరిగే షేర్లలో, 30 శాతమట, స్క్వీజ్ (షార్ట్ చేసినవాళ్ళు ఎగబడి కొనడంతో ధర ఎగరడం) ఖాయమంటున్నారు. ఏం చూసుకోవాలి?

డెల్టా_రావు: ముందు కన్వర్షన్ ధర ఫిక్స్‌డా, ఫ్లోటింగా చూడండి. ప్రెస్ రిలీజ్‌లో వెతికితే దొరకదు, 8-కెకి (అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి కంపెనీ ఇచ్చే ఫైలింగ్) జతచేసిన సర్టిఫికెట్ ఆఫ్ డిజిగ్నేషన్ (ప్రిఫర్డ్ షరతుల పత్రం) తీయండి. ఫిక్స్‌డ్ అయితే కొన్న ఫండ్ హెడ్జ్ (నష్టానికి రక్షణ) కోసం కొంత షార్ట్ చేస్తుంది, షేరు పడితే అందులో కొంత తిరిగి కొంటుంది. అంతవరకు ఊతమే.

ఫ్లోటింగ్ అయితే కథ తిరగబడుతుంది. గత 10 రోజుల్లో అతి తక్కువ వీవాప్‌కి (వాల్యూమ్‌ని బట్టి లెక్కించే రోజు సగటు ధర) 85 శాతం అనుకుందాం. వీవాప్ 2 డాలర్లుంటే 1.70 చొప్పున 29.4 లక్షల షేర్లు. 50 సెంట్లకి పడితే 42.5 సెంట్ల చొప్పున 1.18 కోట్ల షేర్లు! ధర పడినా హోల్డర్‌కి నొప్పి లేదు, అమ్ముకునేంత వాల్యూమ్ ఉంటే చాలు. అందుకే ఫ్లోర్ ప్రైస్ (కన్వర్షన్ ధర అంతకంటే దిగని హద్దు) ఉందా, ఎంత అన్నది ముఖ్యం.

ఫుట్‌నోట్: ఇంకో మెలిక. రెగ్ షో (ఎస్‌ఈసీ షార్ట్ సేల్ నిబంధనలు) రూల్ 200 ప్రకారం ప్రిఫర్డ్‌ని కన్వర్షన్‌కి ఇచ్చేశాక, షేర్లు చేతికి రాకముందే అమ్మినా, ఆ మేరకు అది లాంగ్ సేల్ (సొంత షేర్ల అమ్మకం). అంటే షేరుని తొక్కుతున్న అమ్మకం షార్ట్ డేటాలో కనిపించదు. పైగా షార్ట్ ఇంట్రస్ట్ లెక్క నెలకి రెండుసార్లే వస్తుంది, సైట్లు దాన్ని పాత ఫ్లోట్‌తో భాగిస్తాయి. 30 శాతం అన్నది ఈపాటికి 10 అయి ఉండొచ్చు.

2023లో అమెరికా రిటైల్ కంపెనీ బెడ్ బాత్ అండ్ బియాండ్‌దీ ఇదే వరస. ఫిబ్రవరిలో అమ్మిన ప్రిఫర్డ్‌కి 10 రోజుల కనిష్ఠ వీవాప్‌లో 92 శాతం, ఫ్లోర్ 71.6 సెంట్లు. అంతకుముందు 12 కోట్లలోపు ఉన్న షేర్లు మార్చి చివరికి 42 కోట్లు దాటాయి. ఏప్రిల్‌లో దివాలా. అప్పటికీ కొందరు స్క్వీజ్ కోసమే కూర్చున్నారు.

మార్జిన్_మామ: 4.99 శాతం బ్లాకర్ ఉందిగా?

ఫుట్‌నోట్: అది ఒక్కసారికి చేతిలో ఎంత ఉండాలన్న హద్దు, మొత్తానికి కాదండీ. కన్వర్ట్ చేసి, అమ్మి, మళ్ళీ కన్వర్ట్ చేస్తారు. అసలు అడ్డు నాస్‌డాక్ 20 శాతం రూలు. ధర మార్కెట్ కంటే తక్కువైతే, అప్పటికే ఉన్న షేర్లలో 20 శాతం లేదా అంతకు మించి ఇవ్వడానికి వాటాదారుల ఓటు కావాలి. ప్రాక్సీలో (ఓటు కోసం వాటాదారులకు పంపే పత్రం) మీటింగ్ తేదీ చూడండి, ఓటు గెలిచాక గేట్లు ఎత్తేసినట్టే.

మార్జిన్_మామ: అయితే షార్ట్ చేసేయొచ్చా?

డెల్టా_రావు: తొందరొద్దు. కన్వర్షన్లకు ముందు ఫ్లోట్ చిన్నది, అప్పు షేర్లు దొరకవు, దొరికితే వడ్డీ వాచిపోతుంది. ఒక్క వార్తకి షేరు రెట్టింపై హాల్ట్ పడితే (ట్రేడింగ్ ఆగితే) కవర్ చేసుకోలేరు, అంటే తిరిగి కొనలేరు. కొత్త షేర్లు మార్కెట్లోకి వచ్చేకొద్దీ సాధారణంగా ఆ వడ్డీ దిగుతుంది, కానీ ఈలోపే ధర పడిపోయి ఉంటుంది. 10 శాతం పడిన రోజూ, మర్నాడూ బెస్ట్ బిడ్ (కొనేవాళ్ళు ఇస్తున్న అత్యధిక ధర) కంటే పైనే షార్ట్ చేయాలి. ఇండియా నుంచి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) డబ్బుతో చూస్తున్నవాళ్ళు ఆశ వదులుకోండి, షార్ట్‌కి కావలసిన మార్జిన్ (పూచీ డబ్బు) కోసం పంపడానికి ఆర్‌బీఐ ఒప్పుకోదు.

పడేసి_కొనేవాడు: ప్రిఫర్డ్ కొన్నవాళ్ళే షార్ట్ చేసి పడేస్తే?

ఫుట్‌నోట్: చాలా ఒప్పందాల్లో నిషేధం రాసుకుంటారు. సెడోనా అనే కంపెనీ కన్వర్టబుల్ డిబెంచర్ల (షేర్లుగా మార్చుకోగల అప్పు పత్రాలు) కేసులో ఇలాగే షార్ట్ చేయించారని 2003లో రైనో అడ్వైజర్స్ అనే సలహా సంస్థ మీద ఎస్‌ఈసీ కేసు పెట్టింది, 10 లక్షల డాలర్ల జరిమానాతో సెటిలైంది. కానీ కన్వర్షన్ నోటీసిచ్చి రోజూ అమ్ముకోవడం ఆ నిషేధం కిందికి రాకుండానే రాసుకుంటారు. "షార్ట్ సేల్" నిర్వచనం కూడా చదవండి.