అమ్మ గదికి చిన్న టీవీ: 32 అంగుళాలా, 40 అంగుళాలా?

కిటికీపక్క:

అమ్మ గదిలోని 24 అంగుళాల ఎల్‌ఈడీ టీవీలో పోయిన వారం బొమ్మ పోయింది. మాట మాత్రం వినిపిస్తోంది. అప్పటి నుంచి అమ్మ రోజూ సాయంత్రం నల్లటి తెర ముందు కూర్చుని వార్తలు వింటోంది. చూస్తుంటే నా మనసు ఒప్పడం లేదు. త్వరగా కొత్తది కొనాలి.

గది చిన్నది. మంచం తలవైపు నుంచి గోడకు ఏడున్నర అడుగులు. బీరువాకూ కిటికీ చట్రానికీ మధ్య 92 సెంటీమీటర్ల ఖాళీ ఉంది, టీవీ అక్కడే పట్టాలి. అమ్మకు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. తెర అడుగున పరుగెత్తే వార్తల అక్షరాలు కనిపించక నన్ను పిలిచి చదివించుకునేది. నా దగ్గరున్న డబ్బుకు రెండు దారులున్నాయి: అన్ని హంగులూ ఉన్న 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్మార్ట్ టీవీ, లేదా ఏ హంగూ లేని 40 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. 32లోనే తెర మీద చుక్కలు తక్కువుండే హెచ్‌డీ రెడీ రకం అయితే ఇంకా చవక. అమ్మ ఇంటర్నెట్‌లో ఏమీ చూడదు. ఏది తీసుకోమంటారు?

రెండోవరుస:

హెచ్‌డీ రెడీ జోలికి మాత్రం వెళ్లకండి. నేను 32లో అదే కొన్నాను. కంప్యూటర్ తగిలిస్తే అక్షరాల అంచులన్నీ అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఫుల్ హెచ్‌డీ 32 తీసుకోండి, నిశ్చింతగా ఉంటారు.

పాతసోల్డరు:

ఇరవై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. కొత్తది కొనే ముందు ఒక పని చేయండి. రాత్రి గదిలో దీపాలు ఆర్పి, పాత టీవీ పెట్టి, టార్చిలైటును తెరకు బాగా దగ్గరగా, ఏటవాలుగా వేయండి. వెలుగు పడినచోట మనుషుల ఆకారాలు లీలగా కదులుతూ కనిపిస్తే బొమ్మను చూపే ప్యానెల్ బాగానే ఉన్నట్టు, పోయింది వెనక వెలుగిచ్చే బ్యాక్‌లైట్. అందులోని ఎల్‌ఈడీ పట్టీలు మార్చవచ్చు. మీరుగా మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది.

ఇక కొనే విషయం. రెండోవరుస గారు చెప్పింది కంప్యూటర్‌కు నిజమే, ఎందుకంటే దాన్ని దగ్గర కూర్చుని చూస్తాం. ఈ అమ్మగారు ఏడున్నర అడుగుల దూరంలో ఉన్నారు. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ తెరలో అడ్డంగా 1366 చుక్కలుంటాయి, ఒక్కొక్కటి అర మిల్లీమీటరు. చూపు బాగున్నవాళ్లకే ఆరడుగుల దూరం దాటితే ఆ చుక్కలు విడివిడిగా తెలియవు. ఫుల్ హెచ్‌డీలో చుక్కలు ఇంకా చిన్నవి, వాటి తేడా తెలియాలంటే నాలుగడుగుల దగ్గరికి రావాలి. ఆ మంచం మీద నుంచి 32లో రెండూ ఒకటే.

అమ్మగారికి కావలసింది పెద్ద అక్షరం. అది చుక్కలు పెరిగితే రాదు, తెర పెరిగితే వస్తుంది. 32 నుంచి 40కి వెళితే ప్రతి అక్షరం పాతిక శాతం పెరుగుతుంది. ఇప్పుడున్న 24తో పోలిస్తే ఒకటిన్నర రెట్లకు పైనే. అందుకే నా మాట: హంగులు వదిలేసి 40 తీసుకోండి. స్మార్ట్ సౌకర్యం ఎప్పుడైనా కావాలంటే టీవీకి ఉండే హెచ్‌డీఎంఐ పోర్టుకు ఇంటర్నెట్ చూపే చిన్న స్టిక్కు తగిలిస్తే సరిపోతుంది. తెర పరిమాణాన్ని తర్వాత పెంచలేం.

40 అంగుళాల తెర వెడల్పే 88.5 సెంటీమీటర్లు. చుట్టూ ఉండే అంచుతో కలిపి మొత్తం వెడల్పు ఎంతో మోడల్ వివరాల్లో చూసుకోండి. 43 అంగుళాలది మీకున్న ఖాళీలో పట్టదు.

ఇంకొకటి, ఇది చాలా ఇళ్లలో చూశాను. సెట్‌టాప్ బాక్సును పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత తీగతోనే కొత్త టీవీకి కలుపుతారు. ఆ తీగలో హెచ్‌డీ బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐ కేబులే వాడండి. టీవీ పెట్టిన మొదటి రోజే మెనూలో బ్యాక్‌లైట్‌ను బాగా తగ్గించండి. చవక టీవీల్లో దాన్ని ఎప్పుడూ నూటికి నూరు మీద నడిపితే వెనకున్న పట్టీలు త్వరగా మాడిపోతాయి.

నాన్నకుతోడు:

మా నాన్నగారు మంచం పట్టాక ఆయన కోసం టీవీ కొన్నాను. దుకాణంలో ఎదురుగా నిలబడి చూసి తెచ్చాను. ఇంట్లో ఆయన పడుకుని కింద నుంచి చూస్తే మనుషుల ముఖాలన్నీ వెలిసిపోయినట్టు కనిపించాయి. వీఏ రకం ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉంటుంది కానీ పక్క నుంచి చూస్తే రంగు పలచబడుతుంది. ఐపీఎస్ రకంలో నలుపు కాస్త బూడిద రంగుగా ఉన్నా ఏ వైపు నుంచి చూసినా రంగు నిలుస్తుంది. మీ అమ్మగారు పడుకుని చూస్తారా, కూర్చునా? పడుకునే అయితే కొనే ముందు తెర ముందు మోకాళ్ల మీద కూర్చుని, తర్వాత పక్కకు జరిగి ఒకసారి చూడండి.

మాట కూడా ముఖ్యమండీ. పలచటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. పాట పెట్టి కాదు, వార్తలు చదివే గొంతు పెట్టి వినండి.

కిటికీపక్క:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి టార్చి వేశాను. వార్తలు చదివే అమ్మాయి చెంప, చెవిపోగు లీలగా కనిపించాయి. అమ్మ నా చేతిలోంచి టార్చి తీసుకుని, అడుగున అక్షరాల మీద తనే మెల్లగా జరుపుతూ చదవబోయింది. నాలుగు ముక్కలు చదివేసరికి వార్త మారిపోయింది. నాకు గొంతు పట్టేసింది.

పట్టీలు మార్చడానికి టీవీని ఈ ఉదయమే మెకానిక్‌కు ఇచ్చాను, రెండు రోజులన్నాడు. ఇప్పుడు తొందర లేదు కాబట్టి ఇంకో రెండు నెలలు ఆగి 40 కొంటాను. పాత వార్తాపత్రికలు అతికించి 90 సెంటీమీటర్ల వెడల్పు, 52 ఎత్తున కత్తిరించి గోడకు అంటించాను. కిటికీ రెక్క తెరిస్తే దాని అంచుకు తగులుతోంది, కాబట్టి రెండు సెంటీమీటర్లు బీరువా వైపు జరపాలి. నాన్నకుతోడు గారూ, అమ్మ కూర్చునే చూస్తుంది, కానీ సీరియల్ సగంలో ఎడమవైపుకు ఒరిగిపోతుంది. మీరన్నట్టు పక్కకు జరిగి చూశాకే తీసుకుంటాను.