సాయంత్రానికి మనోనిగ్రహం అడుగంటిపోతుందా?

ప్రశ్న:
గత ఏడాదిలో మూడుసార్లు వ్యాయామం మొదలుపెట్టాను, మూడుసార్లూ నాలుగో వారం దాటకుండానే మానేశాను. రాయదుర్గంలో ఆఫీసు, హబ్సిగూడలో ఇల్లు. మెట్రోలో ఇల్లు చేరి, బట్టలు మార్చుకుని మళ్లీ నడకకు బయలుదేరుదామనుకునేసరికి, పగలంతా ఓపిక పట్టిన మనసు ఇక నా మాట వినదు. మనోనిగ్రహం నిజంగానే ఇలా ఖర్చయిపోతుందా, లేక ఇది నేను చెప్పుకుంటున్న సాకా?

మొదటి జవాబు:
అలా ఖర్చవుతుందన్న సిద్ధాంతం ఒకటి ఉన్నది. 1998లో మనస్తత్వవేత్త రాయ్ బౌమైస్టర్ బృందం, ఎదురుగా చాక్లెట్ బిస్కెట్లు ఉంచి, కొందరిని ముల్లంగి మాత్రమే తినమన్నది. ఆ తరువాత ఇచ్చిన, పరిష్కారమే లేని చిక్కుముడులను వారు మిగిలినవారికంటే త్వరగా వదిలేశారు. అయితే 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, మరో రకం పరీక్షతో రెండు వేల మందికి పైగా మనుషులపై ఇదే విషయాన్ని చూసినప్పుడు ప్రభావం దాదాపు సున్నాగా తేలింది. అలసట అబద్ధమని నేను అనను కానీ, ‘నిగ్రహం అయిపోయింది’ అనుకోవడానికి ఆధారం బలహీనమే.

రెండో జవాబు:
నాకైతే చిక్కు నిగ్రహంలో కాక, మీరు ఇల్లు చేరాక మళ్లీ తీసుకోవలసివస్తున్న నిర్ణయంలో కనిపిస్తోంది. సోఫా ఎదుట నిలబడి నడకను ఎంచుకోవడం ఎవరికైనా కష్టమే (నేనూ ఓడిపోయినవాణ్ణే). నిగ్రహం బాగా ఉన్నవారిగా మనం భావించేవారు చాలావరకు ప్రలోభంతో పోరాడేవారు కారు, అలవాటు మీద నడిచేవారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించగా, ఒక పని అలవాటుగా స్థిరపడటానికి 18 నుంచి 254 రోజుల వరకు పడుతుందని, నడుమన ఉన్న లెక్క 66 రోజులని తేలింది. వ్యాయామానికి, నీళ్లు తాగడం వంటి తేలిక పనులకంటే ఎక్కువ కాలమే పట్టింది. అంటే నాలుగు వారాలకే మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవడం తొందరపాటు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా వారు గమనించారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. రేపటి నుంచి ఒక స్టేషను ముందే, తార్నాకలో దిగి ఇంటికి నడుస్తాను. బూట్లు ఆఫీసు సంచిలోనే ఉంటాయి. నా నడకకు సుమారు 20 నిమిషాలు పడుతుంది కనుక ఐదు రోజులకు 100 నిమిషాలవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం ఉండాలని చెప్పే 150 నిమిషాలకు తక్కువైన 50 నిమిషాలను ఆదివారం ఉదయం ఉస్మానియా ప్రాంగణంలో పూర్తిచేయాలి. ఆదివారమే అనుమానం.