హాల్లో ఏమిటో చెప్పలేని లోహపు శిల్పం పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మియాపూర్_ఐదో_అంతస్తు:
దసరాకి మా హాల్లో సోఫా వెనక గోడకి ఒక లోహపు శిల్పం బిగించాం. బొమ్మ అనడానికి లేదు. వంపు తిరిగిన మూడు స్టీలు రేకులు, వాటి మధ్యలోంచి అడుగు ముందుకు పొడుచుకొచ్చిన ఇత్తడి కడ్డీ, అంతే. ఇంటికొచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగేలోపే "ఇదేంటండీ?" అంటున్నారు. మా మావయ్యగారైతే డిష్ యాంటెన్నా ఇంట్లో పెట్టారేంటని అడిగారు. ఎదురింటావిడ తామరపువ్వు అంది. మా నాలుగేళ్ళ పాప ఏనుగని ఖాయం చేసేసింది. రేకులు చెవులట, కడ్డీ దంతమట.

నాకు మాత్రం అది ఫలానాది అని తేలకపోవడమే బాగుంది. మా బాల్కనీ పడమటి వైపు. మధ్యాహ్నం మూడున్నరకి ఎండ ఆ గోడ మీదికొస్తుంది. అప్పుడు కడ్డీ నీడ జానెడు కిందికి దిగి, కాస్త ఎడమకి వాలి ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ ఆ నీడ మెల్లగా పైకి పాకుతుంది. ఇంట్లోంచి పనిచేసే రోజుల్లో మీటింగులో కెమెరా ఆపేసి అదే చూస్తుంటాను. ఇలాంటివి పెట్టుకున్నవాళ్ళు, పెట్టుకుని తీసేసినవాళ్ళు కూడా, కాస్త చెప్పండి.

సూటిగా_సుత్తిలేకుండా:
ఎంతయింది?

మియాపూర్_ఐదో_అంతస్తు:
బిగింపుతో కలిపి ముప్ఫై రెండు వేలు. అదే డబ్బుకి ఏసీ వచ్చేదని మా ఆవిడ అనేసింది, మీరు మళ్ళీ అనక్కర్లేదు.

బీచ్‌రోడ్డు_బాబాయి:
నాది తీసేసిన అనుభవమే, రాసుకోండి. విశాఖలో మా ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. ఆరేళ్ళ కిందట బాల్కనీలోకని ఒక తుప్పురంగు శిల్పం తెచ్చాను. కార్టెన్ స్టీలు, తుప్పే దీని అందం, రంగులు వెయ్యక్కర్లేదు అన్నాడు అమ్మినతను. నిజమే, అందులో రాగి, క్రోమియం లాంటివి కొద్దిగా కలుస్తాయి కాబట్టి తడిసి ఆరి, తడిసి ఆరి పైన గట్టి పొర ఒకటి కడుతుంది. ఆ తుప్పే లోపలి లోహాన్ని కాస్తుంది. అతను చెప్పనిదేంటంటే, ఉప్పుగాలి తగిలేచోట ఆ పొర నిలవదు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అప్పడం విరిగినట్టు పెచ్చులు పెచ్చులుగా రాలింది. కింద తెల్ల టైల్స్ మీద నారింజ రంగు చార పడింది. శిల్పం పోయింది, చార ఇప్పటికీ ఉంది. మా మనవడు దాన్ని తాతయ్య శిల్పం అంటాడు.

ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలుకి మారాను. అందులోనూ 304 అనే రకం వద్దు, 316 రకం అడగండి. దాంట్లో రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పుని బాగా తట్టుకుంటుంది. అయినా నెలకోసారి మంచినీళ్ళతో కడగాల్సిందే, లేకపోతే టీ మరకల్లాంటివి వస్తాయి. హైదరాబాదులో హాల్లో పెట్టుకునేవాళ్ళకి ఈ గొడవ లేదు, 304 చాలు.

ఆటోనగర్_చిన్నోడు:
బెజవాడ నుంచి. మా నాన్నది లేతు, వెల్డింగు షాపు. నేను చేసిన మొదటి శిల్పం లారీ కమాను పట్టీలతో. విరిగిన పట్టీలు మా షాపు వెనక గుట్టగా పడుంటాయి. ఒక్కో పట్టీకి ఒక్కో వంపు. లోడు మోసి మోసి కొన్ని చదునైపోయాయి, కొన్నింటికి ఇంకా బిగువు తగ్గలేదు. ఏడు పట్టీలు విసనకర్రలా పరిచి అడుగున అతికాను. నాన్న చూసి "ఏ బండికిరా ఇది?" అన్నాడు. ఏ బండికీ కాదు నాన్నా అంటే కాసేపు దాని చుట్టూ తిరిగి, వెల్డింగు ఒకచోట సరిగ్గా దిగలేదని చెప్పి మళ్ళీ తనే అతికాడు. ఆయన మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

మా పక్కనే తెనాలిలో ఇనప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు, నట్లూ బోల్టులూ అతికి మనిషి ముఖం రప్పిస్తారు. మామూలు పనితనం కాదది. కానీ ముఖం కనపడగానే బోల్టు కనపడ్డం మానేస్తుంది. నా దాంట్లో పట్టీ పట్టీగానే ఉంటుంది, దాని వంపు చూడ్డం తప్ప వేరే పని లేదు. అదే తేడా అనుకుంటాను. అమెరికాలో డేవిడ్ స్మిత్ అనే పెద్ద శిల్పి కూడా 1925 వేసవిలో కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగు, రివెట్ల పని చేసినవాడే. ఈ సంగతి నాన్నకి చెప్తే "మరి జీతం ఎంతట?" అన్నాడు.

చేయించుకునేవాళ్ళకి ఒక మాట. స్టెయిన్‌లెస్ అతికినచోట పక్కన గడ్డిరంగు, ఆ తర్వాత గోధుమ, ఊదా, నీలం చారలు వస్తాయి. షాపులో అలవాటుకొద్దీ బఫింగు పెట్టి తుడిచేస్తారు. వద్దని ముందే చెప్పండి. పెయింటుతో రాని రంగులవి.

బీచ్‌రోడ్డు_బాబాయి:
తమ్ముడూ, ఆ రంగులు లోపల పెట్టేవాటికైతే సరే. మా వైపు ఉంచితే మొదట తుప్పు పట్టేది అక్కడే. బయట పెట్టేవాళ్ళు తీయించేసుకోండి.

ఆటోనగర్_చిన్నోడు:
ఒప్పుకున్నాను బాబాయ్. ఇంటి లోపలికే.

సూటిగా_సుత్తిలేకుండా:
అందరూ వెల్డింగు గురించే చెప్తున్నారు. నా ప్రశ్న వేరు. మూడు రేకులు వంచి గోడకి కొడితే కళ ఎలా అయింది? మా వీధిలో షట్టర్లు చేసేవాడు కూడా రేకులు వంచుతాడు.

డల్లాస్_అక్క:
తమ్ముడూ, ఈ ప్రశ్న కోర్టు దాకా వెళ్ళింది, తెలుసా. బ్రాంకూసీ అనే శిల్పి కంచుతో ఒకటి చేశాడు, పేరు బర్డ్ ఇన్ స్పేస్. రెక్కల్లేవు, ముక్కు లేదు, నిలువుగా సన్నగా తళతళలాడుతూ పైకి లేచే ఒక రూపం. 1926లో అది ఓడలో న్యూయార్కు చేరితే కస్టమ్స్ వాళ్ళు అచ్చం నీలాగే "ఇది పక్షేంటి?" అన్నారు. కళాఖండమైతే పన్ను లేదు. వాళ్ళు దాన్ని వంటింటి సామాన్లు, ఆసుపత్రి సరంజామా పద్దులో రాసి 40 శాతం పన్ను వేశారు. కేసు నడిచి 1928లో కోర్టు కళేనని తేల్చింది. అతను చేసిన అలాంటి పక్షుల్ని మూడింటిని మన ఇండోరు మహారాజు యశ్వంత్‌రావు హోల్కర్ కొన్నాడు. వాటికోసం గుడిలాంటిది కట్టిద్దామని బ్రాంకూసీని ఇండోరు రప్పించాడు కూడా. కట్టడం మాత్రం జరగలేదు.

మా ఊళ్ళో నాషర్ శిల్ప కేంద్రం ఉంది, చెట్ల కింద పెద్ద పెద్ద ఇనప శిల్పాలు. మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. ఏమీ మాట్లాడకుండా తిరిగి, రిచర్డ్ సెర్రా చేసిన రెండు ఉక్కు గోడల మధ్య నిలబడి "మన రైసుమిల్లు సందులో ఉన్నట్టుందే" అంది. చిన్నప్పుడు ఎండపూట ఆ సందులోకే పోయి నిలబడేవాళ్ళట, చల్లగా ఉంటుందని. అంతవరకూ ఆ సందు మాట నేనెప్పుడూ వినలేదు. అది ఏ అమ్మవారో, ఆవో అయ్యుంటే ఈ మాట బయటికొచ్చేది కాదేమో.

సూటిగా_సుత్తిలేకుండా:
పన్ను కథ బాగుంది అక్కా. ఒప్పుకున్నానని కాదు.

జనగామ_పిల్ల:
మాది పెంబర్తి పక్క ఊరు. అక్కడ ఇత్తడి రేకుని సుత్తీ ఉలీ పెట్టి కొట్టి ఉబ్బెత్తు బొమ్మలు తేలుస్తారని మీకు తెలిసే ఉంటుంది. దేవుళ్ళు, నెమళ్ళు, జ్ఞాపికలు. మా కొత్తింటికి తెలిసిన మామ దగ్గరికి పోయి, దేవుడొద్దు నెమలొద్దు, ఉత్తగ కొట్టినట్టే కావాలి మామా అన్నాను. ఆయనకి అసలు నచ్చలేదు. "పని సగంలో ఆపిన్రంటరు బిడ్డా, నా పేరు పోతది" అన్నాడు. చివరికి రెండడుగుల గుండ్రటి రేకు, నడుమ నుంచి అంచు దాకా సుత్తి దెబ్బలే, లోపల దగ్గర దగ్గరగా, బయటికి పోయినకొద్దీ ఎడంగా. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్క దెబ్బ ఇంకో దెబ్బలా ఉండదు. దీపం పెడితే చెరువుమీద వాన పడ్డట్టే ఉంటుంది.

రెండేళ్ళలో అది తేనెరంగు నుంచి బెల్లంరంగుకి వచ్చింది. గుంటల్లో నల్లగా, ఎత్తుల్లో మెరుపు. నాకు అదే ప్రాణం. మొన్న బతుకమ్మకి మా చిన్నమ్మ వచ్చి, నేను ఆఫీసు నుంచి వచ్చేలోపు చింతపండు పెట్టి తోమేసింది. "మస్తు మురికైంది బిడ్డా, నీకు తీరిక ఎక్కడిది" అని నవ్వుతూ చూపించింది. బిందెలా తళతళ. ఏమనగలను, మంచిగుంది చిన్నమ్మా అన్నాను. మళ్ళీ రెండేళ్ళు ఆగాలి.

ఆటోనగర్_చిన్నోడు:
😭 మీ చిన్నమ్మ ఒక్కరే కాదు, ప్రతి ఇంట్లో ఉన్నారు. కొత్త మెరుపే కావాలనుకునేవాళ్ళు పైన క్లియర్ లక్కరు పూత కొట్టించుకోండి, దాని మీద మాత్రం చింతపండు, నిమ్మకాయ తగలనివ్వద్దు.

స్లాబు_సెంట్రింగు:
సైట్ ఇంజినీరుని. అందంతో నాకు సంబంధం లేదు, గోడతో ఉంది. కొత్త అపార్టుమెంట్ల గోడలు చాలావరకు ఏఏసీ బ్లాకులు, అంటే లోపలంతా గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలు. వాటికి మామూలు ప్లగ్గు కొట్టి పాతిక కిలోలు వేలాడదీస్తే ఒకరోజు ప్లాస్టరుతో సహా సోఫాలోకొస్తుంది. లెక్క సులువు: మిల్లీమీటరు మందం స్టీలు రేకు చదరపు మీటరుకి 7.85 కిలోలు. మూడు మిల్లీమీటర్లదైతే ఇరవై మూడున్నర. ఏఏసీకి వేరే యాంకర్లు దొరుకుతాయి, లేదా కాంక్రీటు బీము, కాలమ్ ఎక్కడుందో చూసి అక్కడ పట్టించండి. ఫాల్స్ సీలింగుకి వేలాడదీసేవాళ్ళతో నేను మాట్లాడను. మియాపూర్ గారూ, పిల్ల ఉందన్నారు కాబట్టి ఆ కడ్డీ కొస ఎంత ఎత్తులో ఉందో, గుండ్రంగా ఉందో లేదో చూసుకోండి.

మియాపూర్_ఐదో_అంతస్తు:
కొస గుండ్రం చేయించాం సార్, ఆరడుగుల ఎత్తులో ఉంది. సోఫా మీదికెక్కితే అందుతుంది, ఎక్కుతుంది కూడా. అది చూడాలి.

సూటిగా_సుత్తిలేకుండా:
చివరి ప్రశ్న. శనివారం ఇనుము ఇంటికి తేకూడదంటారు కదా, మీ అత్తగార్లు ఏమీ అనలేదా?

బీచ్‌రోడ్డు_బాబాయి:
మా అత్తగారు అన్నారు. బీరువా ఏమిటండీ మరి అన్నాను. అది అవసరం, ఇది అనవసరం అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. శుక్రవారం తెప్పించాను.

మియాపూర్_ఐదో_అంతస్తు (మే నెలలో):
ఎవరూ చూస్తున్నట్టు లేదు, అయినా రాస్తున్నా. యాంకర్లు మార్పించాను, సోఫా అటు జరిపించాను. కడ్డీని పాప పట్టుకుని ఊగలేదు ఇంతవరకూ.

ఇంకోటి గమనించాను. చలికాలమంతా కడ్డీ నీడ ఎడమవైపు పడేది. ఇప్పుడు పొద్దు ఉత్తరంగా జరిగి, సాయంత్రం నీడ కుడివైపు పడుతోంది. ఎప్పుడు మారిందో చూడలేకపోయాను. ఆఫీసు పనిలో మార్చి, ఏప్రిల్ ఎలా పోయాయో తెలీదు. పాపకి చూపిద్దామని పిలిచాను.

"నాకు తెలుసు నాన్నా," అంది. "ఏనుగు అటు తిరిగింది."