13బి రోటరీకి సింగిల్ టర్బో: 8374 సరిపోతుందా, 9180కి వెళ్లాలా?

త్రికోణం:
మియాటాలో (మజ్దా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు) పాత పిస్టన్ ఇంజిన్ తీసేసి 13బి-ఆర్‌ఈడబ్ల్యూ దించాను, అదే మజ్దా రెండు రోటర్ల రోటరీ ఇంజిన్. దాంతో వచ్చే స్టాక్ సీక్వెన్షియల్ (ఒకదాని తర్వాత ఒకటి అందుకునే) ట్విన్ టర్బోలు పక్కన పడేశా, ఆ వ్యాక్యూమ్ గొట్టాల చిక్కుముడి నా వల్ల కాదు. స్ట్రీట్ పోర్ట్ చేయించాను, అంటే గ్యాస్ వచ్చిపోయే దారులు కాస్త పెద్దవి చేయించాను. ఇంజిన్ దగ్గర 450 హార్స్‌పవర్ వస్తే చాలు. సగం రోడ్డు మీద, సగం ట్రాక్ మీద నడుపుతా.

బోర్గ్‌వార్నర్ ఈఎఫ్ఆర్ 8374 కొనాలా, 9180 కొనాలా తేలడం లేదు. "రోటరీ ఎంత పెద్ద టర్బోనైనా తిప్పేస్తుంది, పెద్దదే పెట్టు" అని ఒక మిత్రుడు. "1.3 లీటర్ల ఇంజిన్‌కి అంత టర్బోనా? 5000 ఆర్‌పీఎం దాకా నిద్రపోతుంది" అని ఇంకొకడు. ఎవడి మాట వినాలి?

రోటర్‌పిచ్చి:
మొదటి మిత్రుడి మాటే. 9180 పెట్టు బ్రో, ఆలోచించకు.

1.3 లీటర్లు అనేది కాగితం మీది లెక్క. ఒక్కో రోటర్ షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ ఒకసారి మండుతుంది. పిస్టన్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కి రెండు చుట్లకు ఒకసారే. అంటే గాలి పీల్చే లెక్కలో ఇది 2.6 లీటర్ల ఇంజిన్‌తో సమానం. పైగా మెల్లగా లేచే వాల్వ్ ఇక్కడ లేదు. రోటర్ అంచు పోర్ట్ దాటగానే గ్యాస్ మొత్తం ఒక్కసారిగా టర్బైన్ (ఎగ్జాస్ట్ తోపుకి తిరిగే టర్బో చక్రం) మీద పడుతుంది, అదీ పిస్టన్ ఇంజిన్ కంటే చాలా వేడిగా. ఇంత బలంగా తోసే ఎగ్జాస్ట్ ఉన్నాక చిన్న టర్బో పెట్టడం ఏనుగుకి మేక గంట కట్టినట్టే.

సైలెన్సర్:
ఈ మాట నమ్మే నేను మోసపోయాను. టర్బో తిరుగుతుంది, కాదనను. ఎప్పుడు తిరుగుతుందన్నదే ప్రశ్న. ట్రాక్‌లో నెమ్మది మలుపు నుంచి 4000 దగ్గర బయటికొస్తాం. కాలు నొక్కితే ఏమీ రాదు. ఇంకాస్త నొక్కుతాం. స్టీరింగ్ ఇంకా సగం తిరిగే ఉండగా బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) అంతా ఒకేసారి వచ్చి పడుతుంది. మియాటా లాంటి తేలిక కారులో అప్పుడు వెనక చక్రాలు మన మాట వినవు. డైనో (పవర్ కొలిచే యంత్రం) షీటు మీద ఆ గ్రాఫ్ అందంగానే ఉంటుంది లెండి.

లెక్కలమాస్టారు:
వాదన ఆపి ఒక్కసారి గాలి లెక్క వేద్దాం.

షాఫ్ట్ ఒక చుట్టుకి 1.308 లీటర్లు. 7500 దగ్గర నిమిషానికి 9810 లీటర్లు. బూస్ట్ లేకుండా, ఇంజిన్ నూటికి నూరు పాళ్లూ నిండుతుందనుకుంటే దాదాపు 26 పౌండ్ల గాలి. ఇప్పుడు అవసరం చూద్దాం. రోటరీ ఇంధనం ఎక్కువ తాగుతుంది, బూస్ట్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు 0.65 పౌండ్లు అనుకోండి. గాలి, ఇంధనం మిశ్రమం 11:1. ఆ లెక్కన 450 హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 54 పౌండ్ల గాలి కావాలి. అదే పవర్‌కి పిస్టన్ ఇంజిన్ అయితే 45 లోపే సరిపోయేది. చాలామంది పొరపాటు ఇక్కడే, పిస్టన్ లెక్కలతో రోటరీకి టర్బో ఎంచుతారు.

26 నుంచి 54 అంటే గాలి సాంద్రత రెండు రెట్లు దాటాలి. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) తర్వాతి వేడి కలుపుకుంటే 1.2 బార్ అటూ ఇటూ బూస్ట్. 8374 కంప్రెసర్‌కి (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోసే చక్రం) ఇది సులువైన పని. 9180లో కంప్రెసర్ చక్రం 83 నుంచి 91 మిల్లీమీటర్లకు, టర్బైన్ 74 నుంచి 80కి పెరుగుతుంది. మీరు ఎప్పటికీ వాడని గాలి కోసం ఆ బరువు తిప్పుకోవడం ఎందుకు?

రోటర్‌పిచ్చి:
మాస్టారూ, ఇవాళ 450 అన్నవాడు వచ్చే ఏడాది 600 అంటాడు. ఈ రోగం ఎవరికి తెలియదు?

పాత_గ్యారేజీ:
అందరూ కంప్రెసర్ సైజు మీదే కొట్టుకుంటున్నారు. రోటరీని చంపేది అది కాదు బాబూ, వేడి వైపు.

టర్బైన్ హౌసింగ్ (చక్రం చుట్టూ ఉండే గూడు) ఇరుకైతే ఎగ్జాస్ట్‌లో ఒత్తిడి పెరిగి, కాలిన గ్యాస్ కొంత గదిలోనే మిగిలిపోతుంది. కొత్త మిశ్రమం దానితో కలిసి వేడెక్కుతుంది, తర్వాత నాకింగ్, అంటే మిశ్రమం తనంతట తానే పేలడం. పిస్టన్ ఇంజిన్ కొంత నాకింగ్ తట్టుకుంటుంది. ఇక్కడ ఒక్క దెబ్బ చాలు, అపెక్స్ సీల్ (రోటర్ మూలల్లో ఉండే సీల్) పోతుంది. కాబట్టి "పెద్ద టర్బో" అన్న మాట టర్బైన్ వైపు నిజం, కంప్రెసర్ వైపు సగమే నిజం.

రెండోది వేస్ట్‌గేట్, బూస్ట్ మితిమీరకుండా ఎగ్జాస్ట్‌ని టర్బైన్ పక్కగా వదిలే తలుపు. నా మొదటి 13బికి 38 మిల్లీమీటర్ల గేట్ ఒక్కటే పెట్టాను, అదీ రన్నర్‌కి (రోటర్ నుంచి టర్బోకి వెళ్లే ఎగ్జాస్ట్ పైపు) అడ్డంగా 90 డిగ్రీల్లో అతికించి. బూస్ట్ 0.8 బార్‌కి సెట్ చేశా. 6500 దాటాక గేజ్ ముల్లు ఆగలేదు, 1.0, 1.1, 1.2... నేను కాలు తీసేలోపే లోపల 'టిక్' మని చిన్న శబ్దం. అంతే.

ఇంటికొచ్చి ట్రెయిలింగ్ ప్లగ్ (ఒక్కో రోటర్‌కి ఉన్న రెండు ప్లగ్గుల్లో ఒకటి) తీసి స్టార్టర్ తిప్పాను. ఒక్కో రోటర్‌కి మూడు గదులు. ముందు రోటర్‌లో ఫుస్, ఫుస్, ఫుస్ అని మూడూ సమానంగా వచ్చాయి. వెనక రోటర్‌లో ఒక గట్టి ఫుస్, తర్వాత రెండు నీరసపు ఊపిరులు. ఒక సీల్ రెండు గదులకు గోడ కదా, అది పోతే రెండూ పోతాయి. టర్బో విప్పితే టర్బైన్ రెక్కల అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. సీల్ ముక్క అటుగానే బయటికి పోయింది మరి.

ఈఎఫ్ఆర్‌లో టర్బైన్ చక్రం టైటానియం అల్యూమినైడ్. తేలిక, అందుకే త్వరగా తిరుగుతుంది. కానీ పెళుసు. ఇంకొనెల్ (నికెల్ మిశ్రలోహం) చక్రంలా దెబ్బ తట్టుకోదు. ఎంచుకునే ముందు ఇదీ తెలుసుకో.

సైలెన్సర్:
పెళుసని మానేస్తామా? సీల్ విరిగాక ఎలాగూ ఇంజిన్ విప్పాలి, టర్బో అప్పటికి చిన్న విషయం. ఆ తేలిక చక్రం వల్లే నాలాంటివాళ్లు మలుపుల్లో బతికిపోతారు.

పాత_గ్యారేజీ:
అదీ నిజమే. నేనైతే ఇంకా ఇంకొనెల్ మనిషినే.

త్రికోణం:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి రెండు టర్బోల కొలతలతో అట్టముక్కలు కోసి ఇంజిన్ పక్కన పెట్టి చూశా. 13బిలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు కాబట్టి టర్బో ఇన్‌టేక్ కిందే దూరాలి, స్టీరింగ్ షాఫ్ట్ కూడా అటే. 9180 అట్టకి, షాఫ్ట్‌కి మధ్య నా చిటికెన వేలు కూడా పట్టలేదు. 8374కి బొటనవేలు పట్టింది, హీట్ షీల్డ్‌కి చోటుంది.

కాబట్టి 8374, దానికి దొరికే వాటిలో పెద్ద టర్బైన్ హౌసింగ్, ట్విన్ స్క్రోల్ (రెండు రోటర్ల ఎగ్జాస్ట్‌ని టర్బైన్ దాకా విడివిడిగా తెచ్చేది). రోటర్‌పిచ్చి అన్నా, తిట్టుకో. పాత_గ్యారేజీ గారూ, ట్విన్ స్క్రోల్ కదా, ఒక్కో రోటర్ రన్నర్‌కి ఒక 44 మిల్లీమీటర్ల గేట్ చొప్పున రెండు పెట్టనా, లేక రెండు రన్నర్ల నుంచీ పైపులు తెచ్చి ఒక 60 మిల్లీమీటర్ల గేట్‌కి కలపనా?

పాత_గ్యారేజీ:
రెండు 44లు పెట్టు. కలిపితే ట్విన్ స్క్రోల్ విభజన అక్కడే పోతుంది. గ్యాస్ వెళ్లే దిశలోనే వాలుగా అతికించు, అడ్డంగా మాత్రం వద్దు. వెల్డ్ చేసే ముందు ఫోటో పెట్టు, చూస్తా.

రోటర్‌పిచ్చి:
తిట్టను. వచ్చే ఏడాది ఆ 8374 అమ్మేటప్పుడు ముందు నాకే చెప్పు.