కుమ్మరి సారె పనిని వీడియోతో నేర్పి, తరగతిలో చేసి చూపడం మానేయవచ్చా?

మట్టిచేతులు:
నేను సారె మీద కుండలు చేయడం నేర్పుతాను. ఈమధ్య ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ పద్ధతికి మారాను. అంటే పాఠం ఇంట్లో, సాధన తరగతిలో. మట్టి మర్దించడం, ముద్దను సారె నడిమికి కుదర్చడం, గుంట తీయడం, కుండ గోడ లేపడం, ఇలా ఒక్కోదానికి ఒక చిన్న వీడియో చేసి ముందే పంపుతాను. విద్యార్థులు చూసి వస్తారు, రాగానే సారె ముందు కూర్చుంటారు. ఇదివరకు తరగతిలో చాలా భాగం నేను చేసి చూపడానికే పోయేది. వెనక నిలబడినవాళ్లకు నా భుజాలు తప్ప ఏమీ కనబడేది కాదు. ఇప్పుడు ఆ సమయమంతా వాళ్ల చేతుల పక్కనే ఉంటున్నాను. మిగతా గురువులు దీన్ని ఎందుకు చేపట్టడం లేదు?

బంకమన్ను:
చేపట్టకపోవడానికి కారణం ఉంది. ఈ పద్ధతికి పేరు తెచ్చింది జోనథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే ఇద్దరు అమెరికా ఉపాధ్యాయులు. 2007 ప్రాంతంలో కొలరాడోలోని ఒక ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం చెబుతూ, బడికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేశారు. ఒక సమీకరణం ఇంట్లో చూసినా, బడిలో చూసినా అదే సమీకరణం. మట్టి అలా కాదు. మీ వీడియోలోని ముద్ద మెత్తగా ఉంటుంది. విద్యార్థి చేతికి వచ్చేది నిన్న సంచి మూతి సరిగా కట్టకపోవడం వల్ల బిగుసుకుపోయి ఉంటుంది. మీరు వీడియోలో నొక్కినంతే నొక్కితే అది కదలదు. అప్పుడు అతడు తన చేతిని తప్పు పడతాడు కానీ మట్టిని అనుమానించడు.

మట్టిచేతులు:
ఆ తేడా చెప్పడానికేగా నేను పక్కన ఉన్నది! ఆ ఇద్దరూ చివరికి చేరుకున్నదీ అక్కడికే. రానివాళ్ల కోసం మొదలుపెట్టినది, తరగతి సమయాన్ని ఒక్కొక్కరికీ మిగిల్చే పద్ధతిగా మారింది. బిగుసుకున్న మట్టి దగ్గర విద్యార్థికి కావలసింది మరో ప్రదర్శన కాదు, అతడి చేతి మీద గురువు చేయి.

ఎడమచేతివాటం:
వీడియోల్లో సారె ఎటు తిరుగుతోందో మొదట్లోనే చెప్పండి. జపాన్‌లో సాధారణంగా గడియారం ముళ్ల దిశలో తిప్పుతారు, అమెరికాలో దానికి ఎదురుగా. రెండూ కలిపి చూసి వచ్చినవాడికి ఏ చేయి లోపల ఉండాలో, ఏ చేయి బయట ఉండాలో తెలియదు.

బంకమన్ను:
గోడ లేపడం సంగతే తీసుకుందాం. లోపలి వేళ్లు, బయటి వేళ్లు కలిసి పైకి రావాలి. ఎంత వేగంతో? సారె ఒక చుట్టు తిరిగేలోపు వేళ్లు ఎక్కువ దూరం పైకి పోతే గోడ మీద మరమేకు గాళ్లలాంటి గాడి పడుతుంది, ఒక పక్క పల్చబడుతుంది, అంచు ఊగడం మొదలవుతుంది. చేతి వేగం సారె వేగాన్ని బట్టి ఉండాలి. వీడియోలో సారె ఎంత వేగంగా తిరుగుతోందో కంటికి అందదు. కెమెరాలో చక్రాలు ఆగినట్టూ, వెనక్కి తిరుగుతున్నట్టూ కనబడటం అందరూ చూసే ఉంటారు. పక్కన నిలబడినవాడికి మోటారు శబ్దం వినబడుతుంది, బల్ల అదురు తెలుస్తుంది.

మట్టిచేతులు:
ముద్ద మీద చిన్న గుర్తు పెడితే ప్రతి చుట్టూ కనబడుతుంది. నేను పెడుతున్నాను.

బంకమన్ను:
గోడ లేపేటప్పుడు ఆ గుర్తు వేళ్ల కింద చెరిగిపోతుంది.

మట్టిచేతులు:
సారె పలక మీద పెడతాను. పలక మీది గుర్తును ఏ వేలూ చెరపదు.

రాత్రిపాఠం:
నాకు వినికిడి తక్కువ. సారెలన్నీ తిరుగుతున్న గదిలో గురువు చెప్పేది నాకు సగమే అందుతుంది. వీడియో కింద అక్షరాలు ఉంటాయి, ఆపి మళ్లీ చూసుకోవచ్చు. బల్ల అదురు గురించి మాట్లాడేవారు దీని గురించి కూడా ఆలోచించాలి.

కొత్త ముద్ద:
నేను విద్యార్థిని. వీడియోలు అన్నీ చూసే వెళ్లాను. ముద్ద నడిమికి కుదరడం లేదని అడిగితే మా గురువు మొదటి మాట, "వీడియో చూడలేదా?" చూశానండీ. మోచేయి తొడకు ఆనించాలని తెలుసు. ఆనించాను కూడా. అయినా ముద్ద నా చేతులను ఊపుతోంది తప్ప నేను దాన్ని ఆపలేకపోతున్నాను. ఎక్కడ పొరపాటో చూడకుండానే మళ్లీ చూసి రమ్మన్నారు. ఇంట్లో నాకు సారె లేదు. మళ్లీ చూసి ఏం చేయాలి?

బంకమన్ను:
మట్టిచేతులు గారూ, దీనికి సమాధానం చెప్పండి. ఈ పద్ధతిలో నేర్పలేకపోయిన నేరం విద్యార్థి మీదకు పోతుంది.

మట్టిచేతులు:
ఆ గురువు చేసింది తప్పు. పద్ధతిది కాదు. ఆ మాట పాత తరగతుల్లోనూ ఉంది, "ఇప్పుడే చూపించానుగా" అనేవారు. నా తరగతిలో ఏం జరుగుతుందో చెబుతాను. మొదట్లో విద్యార్థి చేసిన ప్రతి గిన్నెనూ తీగతో నిలువునా కోయిస్తాను. సగం చేతిలో పట్టుకుంటే అన్నీ బయటపడతాయి. అడుగు బొటనవేలంత మందం, దాని పక్కన మూలలో మట్టి గుట్టగా మిగిలి, గోడ మధ్యలో కాగితంలా పల్చన. అడుగును అదిమారో లేదో అడుగుతాను. అదమకపోతే ఆరేటప్పుడో, కాల్చేటప్పుడో అడుగున ఎస్ ఆకారంలో పగులు వస్తుందని అక్కడే చెబుతాను. ప్రదర్శనలు ఇస్తూ కూర్చున్న రోజుల్లో ఇంత తీరిక దొరికేది కాదు. సూటిగా చెబుతున్నాను, చాలామంది గురువులు ప్రదర్శన వదులుకోలేకపోవడానికి కారణం విద్యార్థులు కాదు. నలుగురూ చుట్టూ నిలబడి చూడటం వారికి అలవాటైపోయింది.

బంకమన్ను:
నా గురించి ఆ మాట అనే హక్కు మీకు ఎవరిచ్చారు? నేను పనిచేసిన చోట వీడియోలు నా చేతే తీయించారు. అవి పూర్తయిన మరుసటి బృందంలోనే విద్యార్థుల సంఖ్య రెట్టింపు చేశారు. "పాఠం వీడియోలో ఉందిగా, మీరు మధ్యలో తిరుగుతూ ఉంటే చాలు" అన్నారు. ఒక్కో సారెకు ఇద్దరు. ఒకరు చేస్తుంటే ఒకరు నిలబడి చూడాలి. మీరు చెప్పే ఆ గిన్నె కోయడం, చేయి మీద చేయి వేయడం నాకు దక్కలేదు. తర్వాత నా జీతం గంటలు తగ్గాయి, వీడియోలు మాత్రం ఇంకా అక్కడ ఆడుతున్నాయి. మీకు మిగిలిన సమయం విద్యార్థికి వెళ్లింది. నా దగ్గర మిగిలిన సమయాన్ని యాజమాన్యం తీసుకుంది. కొత్త ముద్ద గారి గురువు ఆ మాట ఎందుకన్నారో నాకు అర్థమైంది. ఆయన వెనక ఇంకా ఎంతమంది పిలుస్తున్నారో.

కొత్త ముద్ద:
అవును, మా గదిలోనూ సారెకు ఇద్దరం.

మట్టిచేతులు:
ఇది మీరు మొదట్లోనే చెప్పి ఉంటే గుర్తులూ, పలకలూ అంటూ ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. మీకు జరిగింది అన్యాయం. తీసిన వీడియో మీద గురువుకు హక్కు ఉండాలి, అతడు వెళ్లిపోతే అది కూడా వెళ్లిపోవాలి. సారెకు ఒక్కరే అన్న షరతు లేకుండా ఏ గురువూ ఈ పద్ధతికి ఒప్పుకోకూడదు. కానీ నా గదిలో ఆ షరతు ఉంది, పద్ధతి పనిచేస్తోంది. ప్రదర్శనకు మళ్లీ తిరిగి వెళ్లను.

బంకమన్ను:
షరతు ఇవాళ ఉంది. వచ్చే బృందానికి ఉంటుందని రాతపూర్వకంగా ఇచ్చారా? చేసి చూపడానికి గురువు గదిలో ఉండి తీరాలి. అందుకే దాన్ని వదలను. పోనీ, గోడ లేపడం ఒక్కటైనా ప్రతి బృందానికీ మీ చేత్తో చేసి చూపండి. మిగతావన్నీ వీడియోలో పెట్టుకోండి.

మట్టిచేతులు:
రాతపూర్వకంగా లేదు. అడుగుతాను. గోడ లేపడం మాత్రం విద్యార్థి సారె మీదే, అతడి ముద్దతోనే, అతడి చేతులు నా చేతుల కింద ఉంచి చూపుతాను. అందరినీ నిలబెట్టి కాదు.

రాత్రిపాఠం:
అలాగైతే నాకూ కనబడుతుంది.

బంకమన్ను:
రాసిచ్చాక ఇక్కడ చెప్పండి. అప్పటిదాకా నా విద్యార్థులకు వీడియో పంపను.